వంటగట్టు వెనక గోడకి టైల్స్: కొలత, కోత, అతుకు మనమే చేసుకునే పద్ధతి

ఎనిమిది అడుగుల వంటగట్టు, దాని వెనక రెండడుగుల ఎత్తు గోడ. మొత్తం పదహారు చదరపు అడుగులు. ఇంత చిన్న పనికి శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ టైల్స్ మేస్త్రి దొరకడం కష్టం. మన వైపు పనితనం ఉన్న మేస్త్రులు చాలామంది హైదరాబాద్, చెన్నై సైట్లలో ఉంటారు. ఊళ్లో ఉన్నవాళ్లకి పూర్తి ఇళ్ల పనులే చేతినిండా ఉంటాయి. సంక్రాంతి ముందు అడిగితే "పండగెళ్లాక చూద్దాం బాబూ" అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పూట పనికి సామానంతా మోసుకొస్తే వాళ్లకి గిట్టదు.

ఈ పని ఇంట్లోవాళ్లు చేసుకోదగ్గదే. అందరూ జంకేది కోత దగ్గర: టైల్ పగిలిపోతుందని, అంచు పెచ్చులూడుతుందని. నిజానికి ఒక్కో కోతకి పట్టేది రెండు నిమిషాలు. పనిని చెడగొట్టేది మెషిన్ పట్టడానికి ముందు వదిలేసిన ఆలోచన. ఏ ముక్క ఎక్కడ పడాలో గోడ మీదే తేల్చుకుంటే సగం కోతలు తప్పిపోతాయి. మిగిలినవి కంటికి ఆనని చోట పడతాయి. అందుకే ఈ వ్యాసంలో మెషిన్ కన్నా గోడకే ఎక్కువ చోటిచ్చాను.

టైల్ కొనేటప్పుడు

షాపులో వీటిని గోడ టైల్స్ అంటారు, డాడో టైల్స్ అని కూడా అంటారు. మన షాపులకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ సరుకే. వంటగదికి ఎక్కువగా నడిచే సైజు 12 × 18 అంగుళాలు, అంటే 300 × 450 మి.మీ. ఇంకొంచెం పెద్దవి కావాలంటే 12 × 24 ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్లు 12 × 18 తోనే మొదలుపెట్టండి. చేతిలో ఇముడుతుంది, చిన్న కట్టర్‌లో పడుతుంది.

గోడకి సిరామిక్ టైలే తీసుకోండి. గోడ టైల్ మట్టి మెత్తగా, గుల్లగా ఉంటుంది. బరువులో పది శాతానికి పైగా నీళ్లు పీలుస్తుంది. నేలకి వేసే విట్రిఫైడ్ టైల్ అర శాతం కూడా పీల్చదు, అంత గట్టిది. గుల్ల టైల్ గీత గీసి వంచితే విరిగిపోతుంది. విట్రిఫైడ్‌కి మంచి కట్టర్, అలవాటైన చెయ్యి కావాలి. గోడకి బరువు మోసే పని లేదు కాబట్టి అంత గట్టిదనం అక్కర్లేదు. మిగిలిపోయిన నేల టైల్స్ వాడేద్దామనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెట్టెల మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు చూడండి. అన్ని పెట్టెల మీదా ఒకటే ఉండాలి. ఒకే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది. అది షాపులో కనపడదు, గోడ మీద ట్యూబులైటు వెలుగులో కనపడుతుంది. రెండు టైల్స్ తీసి ముఖాలు ఒకదానికొకటి ఆనించి పట్టుకోండి. మధ్యలో సందు కనిపిస్తే వంకర ఉన్నట్టు. ఆ పెట్టె పక్కన పెట్టమనండి. ఆటోలో తెచ్చుకునేటప్పుడు పెట్టెలు పడుకోబెట్టకుండా నిలబెట్టి పెట్టించండి. మన రోడ్ల కుదుపులకి పడుకోబెట్టిన పెట్టెలో కిందివి బీటలు వారతాయి.

గోడని చదవడం

ముందు గోడ శుభ్రం. ఏళ్ల తరబడి పోపులు పెట్టిన గోడ మీద కంటికి కనపడని నూనె పొర ఉంటుంది. దాని మీద ఏ అడెసివూ (టైల్ అతికించే జిగురు) నిలవదు. చాకలి సోడా కలిపిన వేడి నీళ్లతో రుద్ది కడగండి. సున్నం, డిస్టెంపర్ ఉంటే సిమెంటు కనిపించేదాకా గీకేయాలి. ఆయిల్ పెయింట్ అయితే ఉలితో గాట్లు పెట్టాలి. గోడని సుత్తి పిడితో తట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగ్ వదిలేసినట్టే. అక్కడ కొట్టేసి మళ్లీ పూయించి, తడిపి, ఆరనివ్వండి. పూతకి ఇసుక నాగావళిదో వంశధారదో జల్లించి వాడండి. సముద్రం ఒడ్డు ఇసుక మాత్రం వద్దు, అందులో ఉప్పు తర్వాత తెల్లగా పొంగుతుంది.

ఇప్పుడు రసమట్టం (స్పిరిట్ లెవెల్), మూలమట్టం (మూల చూసే ఎల్ ఆకారపు పట్టీ), తూకం గుండు (నిలువు చూసే దారం గుండు) తీసుకోండి. మూడు సంగతులు తేలాలి. గట్టు మట్టంగా ఉందా? పక్క గోడలు నిలువుగా ఉన్నాయా? మూల తొంభై డిగ్రీలు ఉందా? మూడూ సరిగ్గా ఉన్న ఇల్లు దొరికితే అదృష్టం. మన ఇళ్లలో గట్టుకి సింకు వైపు కొంచెం వాలు ఇవ్వడం మామూలే, నీళ్లు అటు జారాలని. ఎనిమిది అడుగుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల వాలైతే గట్టుకీ టైల్‌కీ మధ్య సందులో ఇమిడిపోతుంది. అంతకు మించితే కింది వరస టైల్స్ ఏటవాలుగా కోయాలి. టైల్స్ మాత్రం ఎప్పుడూ రసమట్టం చెప్పినట్టే పోవాలి, గట్టు చెప్పినట్టు కాదు. గట్టుని నమ్మి మొదలుపెడితే మూల దగ్గరికి వెళ్లేసరికి వరసలు కిందికి జారినట్టు కనిపిస్తాయి, ఇక సర్దడానికి వీలుండదు.

గట్టుకీ కింది టైల్‌కీ మధ్య 3 మి.మీ. సందు తప్పనిసరి. టెక్కలి గ్రానైట్ అయినా, ఇంకోటైనా రాయి వేరు, టైల్ వేరు. పొయ్యి వేడికి, ఎండకి రెండూ ఒకేలా కదలవు. ఆనించి బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు టైల్ అంచు పెచ్చు లేస్తుంది. పక్క మూలల్లో కూడా ఇదే సందు వదలండి.

కాగితం మీద లెక్క

మేస్త్రులు అంగుళాలు, నూళ్లలో మాట్లాడతారు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు). మీరు మిల్లీమీటర్లలో రాసుకోండి, తీసివేతలు తేలిక. మన ఎనిమిది అడుగుల గట్టునే లెక్క వేద్దాం. గోడ వెడల్పు 2440, ఎత్తు 610, రెండు పక్కలా మూలలే. పైన కబోర్డు ఉంది. టైల్ అడ్డంగా, అంటే 450 వెడల్పు, 300 ఎత్తు. జాయింట్, అంటే టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు, 2 మి.మీ.

ఎత్తు తేలికగా తేలిపోతుంది. కింద సందు 3, టైల్ 300, జాయింట్ 2, మళ్లీ టైల్ 300. మొత్తం 605. పైన కబోర్డు కింద 5 మి.మీ. మిగులుతుంది, అక్కడ సిలికాన్ (రబ్బరులా గట్టిపడే పేస్టు) నింపితే సరి. ఎత్తులో ఒక్క కోత కూడా లేదు.

వెడల్పులో రెండు దారులున్నాయి. రెండు మూలల సందులు తీసేస్తే 2434 మిగులుతుంది. ఒక మూల నుంచి నిండు టైల్స్ పెట్టుకుంటూ పోతే ఐదు నిండువి, ఐదు జాయింట్లు కలిపి 2260 అవుతుంది, చివర 174 ముక్క పడుతుంది. లేదా మధ్యలో నాలుగు నిండువి పెట్టి, రెండు చివర్లా సమానంగా ముక్కలు పెడితే ఒక్కో ముక్క 312 వస్తుంది.

మొదటి దారిలో రెండు వరసలకీ కలిపి రెండే ముక్కలు. 174, 174 కలిపి 348, రెండూ ఒకే టైల్‌లోంచి వస్తాయి. మొత్తం పదకొండు టైల్స్, రెండు కోతలు. రెండో దారిలో నాలుగు ముక్కలు, నాలుగు కోతలు, పన్నెండు టైల్స్. చూపుకి రెండోది అందం, పనికి మొదటిది తేలిక. ఆ మూలలో ఫ్రిజ్ గానీ, మిక్సీ గానీ, డబ్బాల స్టాండు గానీ ఉండేట్టయితే మొదటి దారే పట్టండి. ముక్క వాటి వెనక దాగిపోతుంది. పొయ్యి మధ్యలో ఉండి, గుమ్మం నుంచి రెండు మూలలూ కనిపిస్తుంటే రెండో దారి పట్టండి, ఆ రెండు కోతలు ఎక్కువైనా పెట్టిన కష్టానికి విలువ ఉంటుంది.

ఒక చిన్న చిక్కు. ఒకే టైల్‌లోంచి రెండు ముక్కలు తీసినప్పుడు, రెండో ముక్కకి కంపెనీ అంచు అవతలి వైపు ఉంటుంది. సాదా రంగు టైల్ అయితే తలకిందులుగా తిప్పి పెట్టేయొచ్చు. చారలు, పువ్వుల డిజైన్ ఉంటే తిప్పితే తెలిసిపోతుంది, అప్పుడు ముక్కకో టైల్ తీసుకోవాల్సిందే. కోసిన అంచు మూలలోకి, కంపెనీ అంచు పక్క టైల్ వైపుకి: ఈ ఒక్క నియమం తప్పకుండా పాటిస్తే కోత కొంచెం ఎగుడుదిగుడైనా ఎవరికీ కనపడదు.

లెక్కలో 40, 50 మి.మీ. కన్నా సన్నని ముక్క వస్తే ఒప్పుకోకండి. దాన్ని విరవడం కష్టం, పెట్టాక పట్టీలా కనిపిస్తుంది. మొదటి టైల్‌ని సగం పక్కకి జరిపి మళ్లీ లెక్క వేస్తే చివర్లు వెడల్పవుతాయి. సింకు పైన కిటికీ ఉంటే కిటికీ మధ్య గీత నుంచి రెండు వైపులా లెక్క వేయండి. కన్ను ముందు పడేది కిటికీ మీదే.

ఈ లెక్కంతా సుద్దతో గోడ మీద గీయండి. ప్రతి టైల్ గీత, ప్రతి స్విచ్ బోర్డు, ప్రతి కుళాయి పైపు ఎక్కడొస్తుందో కనిపించాలి. ఒకసారి దూరంగా నిలబడి చూడండి. పైపు టైల్ నడిబొడ్డున పడుతుంటే లెక్కని పక్కకి జరిపితే జాయింట్ మీదకి వస్తుందేమో చూడండి. జాయింట్ మీద పడితే రెండు టైల్స్ అంచుల్లో అర్ధచంద్రాలు కొరికితే చాలు. నడిబొడ్డున అయితే రంధ్రం తొలవాలి. గోడ మీద తప్పించుకున్న ప్రతి కోతా ఇలాంటిదే.

కొలత: టేపు కన్నా టైలే నయం

లెక్కలో 174 అని వచ్చింది కదా అని రెండు ముక్కలూ 174కే కోసేయకండి. మూల గోడ నిలువుగా లేకపోతే పై ముక్క 171, కింది ముక్క 176 కావచ్చు. ఒక్కో ముక్క పైన, కింద కూడా వేరుగా ఉండొచ్చు. నిండు టైల్స్ అన్నీ అతికించి, అవి పట్టుకున్నాక, ఒక్కో ముక్క కొలత అక్కడే తీయండి.

టేపు లేకుండా కొలిచే పద్ధతి ఇది. కుడి మూలలో ముక్క పెట్టాలనుకుందాం. కొత్త టైల్ తీసుకుని వీపు మీ వైపుకి తిప్పండి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పాలి, తలకిందులుగా కాదు. దాని అంచు మూల గోడకి ఆనేట్టు, ఆఖరి నిండు టైల్ మీదకి ఎక్కేట్టు పట్టుకోండి. మూలలో 3 మి.మీ. స్పేసరు (సందు నిలిపే చిన్న ప్లాస్టిక్ ముక్క) పెట్టండి. ఇప్పుడు కింద ఉన్న నిండు టైల్ అంచు ఎక్కడికి వచ్చిందో మీ చేతిలో టైల్ వీపు మీద పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు పెన్సిలుతో పెట్టండి. ఆ గుర్తుల నుంచి జాయింట్ కోసం 2 మి.మీ. మూల వైపుకి జరపండి. రెండు గుర్తులూ కలిపితే అదే కోత గీత. గోడ వంకరైతే గీత కూడా అంతే వంకరగా వస్తుంది. కోశాక ముక్కని మళ్లీ ముఖం ఇటు తిప్పితే, గోడకి ఆనిన కంపెనీ అంచు నిండు టైల్ పక్కకి వస్తుంది, కోసిన అంచు మూలలోకి పోతుంది. టేపు చదవడంలో పొరపాటుకి ఇందులో చోటు లేదు.

గుర్తులు టైల్ పక్క అంచుల మీదుగా ముఖం వైపుకి తెచ్చుకోండి. గ్లేజు, అంటే టైల్ ముఖం మీది నున్నటి గాజు పూత, దాని మీద పెన్సిలు నిలవదు. కాగితపు మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీస్తే గీత కనపడుతుంది.

గీసి విరవడం

తిన్నని కోతలకి కరెంటు అక్కర్లేదు. రెండు కడ్డీల మీద జరిగే చేతి టైల్ కట్టర్ చాలు. కొనక్కర్లేదు కూడా, తెలిసిన మేస్త్రి ఉంటే ఒకరోజుకి అడిగి తెచ్చుకోవచ్చు. దాని ప్రాణమంతా ఆ చిన్న కార్బైడ్ చక్రంలో ఉంటుంది. చక్రం తేలికగా తిరగాలి, అంచు మీద గాటు ఉండకూడదు. ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. అరిగిన చక్రం అయితే కొత్తది మార్చండి, దానితో కుస్తీ పట్టకండి.

టైల్ ముఖం పైకి పెట్టి, గీత మధ్య కడ్డీకి సూటిగా వచ్చేట్టు సర్దండి. చక్రాన్ని అవతలి అంచు మీద ఆనించి, ఒకే ఒత్తిడితో ఈ అంచు దాకా ఒక్కసారి లాగండి, లేదా తోయండి, కట్టర్ తీరుని బట్టి. చెవి పెట్టి వినండి. గ్లేజు చీలుతున్న సన్నని గరగర మొదటి నుంచి చివరి దాకా తెగకుండా రావాలి. మధ్యలో శబ్దం ఆగిందంటే అక్కడ చక్రం ఎగిరింది. ఆ చోటు నుంచి మళ్లీ గీయాలనిపిస్తుంది, కానీ వద్దు. రెండోసారి గీస్తే గీత పక్కన ఇంకో గీత పడి, విరిచినప్పుడు పగులు ఏ దారి పట్టాలో తెలియక పక్కకి పోతుంది. ఒత్తిడి కూడా ఎక్కువ వద్దు. గీత పని టైల్‌ని కోయడం కాదు, పగులుకి దారి చూపడం.

తర్వాత కట్టర్ పాదాన్ని అంచుకి దగ్గరగా గీత మీద పెట్టి, పిడిని మెల్లగా నొక్కండి. టక్కుమని రెండవుతుంది. జోరుగా కొట్టనక్కర్లేదు. విరిగిన అంచు చూడండి: పైన గ్లేజు సూదిగా, కింద మట్టి కొంచెం గరుగ్గా ఉంటే కోత బాగా వచ్చినట్టు. పనికిరాని టైల్ ఒకటి తీసుకుని ముందు నాలుగైదు సార్లు సాధన చేయండి. షాపులో పగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు.

కట్టర్ దొరక్కపోతే, కార్బైడ్ మొన ఉన్న గీసే పెన్ను, ఒక ఇనుప స్కేలు ఉన్నా చాలు. స్కేలు ఆనించి ఒకే గీత గీసి, ఆ గీత కిందికి సరిగ్గా వచ్చేట్టు ఒక సన్నని ఇనుప తీగ నేల మీద పెట్టి, రెండు పక్కలా అరచేతులతో సమానంగా నొక్కాలి. గుల్ల టైల్స్‌కి ఇది బాగానే పనిచేస్తుంది. పదిహేను, ఇరవై మిల్లీమీటర్ల కన్నా సన్నని పట్టీ తీసేయాల్సి వస్తే మాత్రం విరవడం కుదరదు, పట్టడానికి చోటే ఉండదు. అక్కడ మెషినే గతి.

మెషిన్ పట్టేటప్పుడు

ఏటవాలు పట్టీలకి, స్విచ్ బోర్డు గాట్లకి నాలుగంగుళాల కటింగ్ మెషిన్ గానీ గ్రైండర్ గానీ కావాలి. బ్లేడు డైమండ్‌దే, అది కూడా అంచంతా గాట్లు లేకుండా ఒకే చుట్టుగా ఉన్నది. గాట్ల బ్లేడు కాంక్రీటుకి, రాయికి. టైల్ మీద పెడితే గ్లేజు పెచ్చులెగురుతుంది. బ్లేడు మీద బాణం గుర్తు మెషిన్ తిరిగే వైపుకి ఉండాలి. గార్డు (బ్లేడు మీది కవచం) తీసేయడం మన సైట్లలో రోజూ కనపడుతుంది. దయచేసి తీయకండి. బ్లేడు నిమిషానికి పది వేల చుట్లకి పైగా తిరుగుతుంది, ముక్క ఎగిరితే తప్పించుకునే వ్యవధి ఉండదు.

టైల్ పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, సిలికోసిస్ అంటారు. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు. ఎన్ 95 మాస్కు కట్టుకోండి, ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. పని పెరట్లోనో డాబా మీదో చేయండి, వంటింట్లో కాదు. కళ్లజోడు, చెవులకి ప్లగ్గులు, కాళ్లకి బూట్లు ఉండాలి. లుంగీ, వేలాడే తువ్వాలు, చీర కొంగు, చున్నీ మెషిన్ దగ్గరికి రాకూడదు. పిల్లలు అసలే రాకూడదు.

పొడి లేవకుండా చేయడానికి అందరూ పట్టే దారి, ఒకరు కోస్తుంటే ఇంకొకరు సీసాతో నీళ్లు పోయడం. నీటి గొట్టం అమర్చుకునే వీలుతో వచ్చిన కటింగ్ మెషిన్ అయితేనే ఆ పని చేయండి. మామూలు గ్రైండర్ మీద నీళ్లు పడితే షాక్ కొడుతుంది. అంతకన్నా తేలిక మార్గం ఉంది: టైల్‌ని అరగంట బకెట్‌లో నానబెట్టి, తుడిచి కోయండి. గోడ టైల్ నీళ్లు బాగా పీల్చేస్తుంది కాబట్టి కోత పొడి చాలావరకు బురదలా పడుతుంది. అడెసివ్‌తో అతికించేట్టయితే ఆ ముక్కని పూర్తిగా ఆరనివ్వాలి, అది మర్చిపోకండి. నీళ్లు వాడినా వాడకపోయినా మెషిన్ తగిలించే లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) ఉండాలి. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకి లేచేట్టు ఉంచితే నీళ్లు వైరు మీదుగా ప్లగ్గులోకి జారవు.

టైల్‌ని చదునైన చెక్క మీద పెట్టి, కోత గీత రెండు పక్కలా ఆనిక ఉండేట్టు చూడండి. మాస్కింగ్ టేపు మీద గీత. మొదటిసారి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకి మాత్రమే గీత పొడవునా పోనివ్వండి. ఈ పై కోతే గ్లేజు అంచుని కాపాడుతుంది. రెండోసారి, మూడోసారి పూర్తిగా దింపండి. మెషిన్ తన బరువుతోనే దిగాలి, మీరు తోయకూడదు. బ్లేడు గాడిలో ఉండగా పక్కకి తిప్పకండి, వెనక్కి తన్నేది అప్పుడే. కోత నెమ్మదించి టైల్ వేడెక్కుతుంటే బ్లేడు మొద్దుబారినట్టు. ఒక ఇటుకలో నాలుగుసార్లు దింపండి, అంచు మీద కప్పేసిన పొర పోయి కొత్త డైమండ్ పైకి వస్తుంది.

స్విచ్ బోర్డు, కుళాయి పైపు

ముందు మెయిన్ ఆపండి, టెస్టరుతో చూడండి, ప్లేటు విప్పండి. టైల్‌ని ఆ చోట పట్టుకుని పెట్టె అంచుల గుర్తులు పెట్టుకోండి. ప్లేటు పెట్టె చుట్టూ కొంచెం మార్జిన్ కప్పేస్తుంది కాబట్టి కోత కొంచెం పెద్దదైనా ఫర్వాలేదు, చిన్నదైతే పెట్టె పట్టదు.

బోర్డు టైల్ మూలలో పడితే ఎల్ ఆకారం కోత. లోపలి మూల దగ్గర ముందుగా 6 మి.మీ. రంధ్రం వేయండి. టైల్‌కి వాడి మొన బిట్ వాడాలి, డ్రిల్లు హామర్ మోడ్‌లో (సుత్తిలా కొడుతూ తొలిచే తీరులో) ఉండకూడదు. ఆ రంధ్రం దాకా రెండు వైపుల నుంచీ కోస్తే చాలు. రంధ్రం లేకుండా రెండు కోతలూ పదునుగా కలిపితే ఆ మూల నుంచే పగులు టైల్ అడ్డంగా పాకుతుంది, కొన్నిసార్లు అతికించాక పాకుతుంది.

బోర్డు టైల్ నడిమధ్యన పడితే నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు వేసి, టైల్‌ని బోర్లించి వీపు వైపు నుంచి కోయండి. బ్లేడు గుండ్రం కదా, దింపిన వైపు గాటు పొడవుగా, అవతలి వైపు పొట్టిగా పడుతుంది. వీపు వైపు నుంచి దింపితే ఆ అదనపు గాటు వీపు మీదే దాగుతుంది, ముఖం మీద మూల శుభ్రంగా ఉంటుంది. టైల్, అడెసివ్ కలిపి ఒక సెంటీమీటరు పైన మందం పెరుగుతుంది, ప్లేటు బిగించడానికి పొడవు స్క్రూలు ముందే తెచ్చిపెట్టుకోండి.

కుళాయి పైపుకి డైమండ్ హోల్ సా, అంటే గుండ్రని రంధ్రం కోసే గొట్టం లాంటి బిట్. పైపు కన్నా ఐదారు మిల్లీమీటర్లు పెద్దది తీసుకోండి, కుళాయి బిళ్ల కప్పేస్తుంది. నిటారుగా మొదలుపెడితే గ్లేజు మీద జారిపోతుంది. ఏటవాలుగా వంచి ఒక పక్క చిన్న అర్ధచంద్రం పడేదాకా పోనిచ్చి, మెల్లగా నిటారు చేయండి. నెమ్మది వేగం, తక్కువ ఒత్తిడి, మధ్యమధ్యలో తడి స్పాంజితో చల్లబరచడం. కింద చెక్క ఆనిక ఉంటే వెనక వైపు పెచ్చు రాలదు.

అంచు, మలుపు

కోసిన అంచుని కార్బొరండం రాయితో రుద్దండి. ఎప్పుడూ గ్లేజు వైపు నుంచి మట్టి వైపుకే, ఒకే దిక్కుగా. వెనక్కి లాగితే గ్లేజు పెచ్చులు లేస్తుంది. నాలుగైదు సార్లు రుద్దితే చెయ్యి కోసే పదును పోతుంది, అంతే చాలు.

కిటికీ పక్కన బయటి మలుపు దగ్గర రెండు టైల్స్ అంచులు నలభై ఐదు డిగ్రీలకి చెక్కి కలపడం చూపుకి బావుంటుంది. వంటింట్లో మాత్రం నేను వద్దంటాను. గిన్నె తగిలిన ప్రతిసారీ ఆ సన్నని కొన పెచ్చు లేస్తుంది. పీవీసీ బీడింగో స్టీలు బీడింగో (అంచు కప్పే పట్టీ) పెడితే ఏళ్ల తరబడి చెక్కు చెదరదు.

అతికించడం, గ్రౌటింగ్

ఇంటి పనికి సిమెంటు కన్నా టైల్ అడెసివ్ మేలు. సంచి మీద ఐఎస్ 15477 (టైల్ అడెసివ్‌కి మన దేశ ప్రమాణం) గుర్తు చూసి కొనండి. సిమెంటు పాలతో అయితే టైల్ నానబెట్టాలి, ముద్ద మందం సమానంగా రావాలి, అది మేస్త్రి చెయ్యి. అడెసివ్‌కి పొడి టైల్, తడి తుడిచిన గోడ చాలు. పొడిని నీళ్లలో పోయాలి, నీళ్లు పొడిలో కాదు. కలిపి ఐదు నిమిషాలు వదిలేసి మళ్లీ కలపండి. పళ్ల కరణితో ఒకే దిక్కుగా చారలు వచ్చేట్టు గోడకి పట్టించండి. ఒకేసారి గోడంతా పూయకండి. మే నెల ఎండల్లో పావుగంటకే పైపొర కడుతుంది. వేలు పెట్టి చూడండి, అంటకపోతే గీకేసి కొత్తది పూయండి. సన్నని ముక్కలకి గోడకి కాకుండా వీపుకే పూసి పెట్టడం తేలిక.

టైల్ పెట్టి కొద్దిగా అటూఇటూ కదిపి నొక్కండి. ఒకటి పెట్టాక వెంటనే ఊడదీసి వీపు చూడండి. అడెసివ్ అంతటా అంటి ఉంటే సరే, మధ్యలో ఖాళీలుంటే మందం పెంచండి. ఖాళీ ఉన్న చోటే తర్వాత మేకు కొడితే పగిలేది. జాయింట్లలో 2 మి.మీ. స్పేసర్లు, ప్రతి వరసకీ రసమట్టం.

ఒకరోజు ఆగి జాయింట్లలో గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) నింపండి. తెల్ల సిమెంటు చవకే, కానీ పసుపు, పులుసు చిందిన గోడ మీద తెల్ల గీతలు నెల తిరక్కుండా పచ్చబడతాయి. పొయ్యి వెనక ఎపాక్సీ గ్రౌట్ వేయండి, మరక పీల్చదు. ధర ఎక్కువే, పదహారు చదరపు అడుగులకి పట్టేది కొంచెమే కాబట్టి ఇక్కడ ఖర్చు పెట్టొచ్చు. కొంచెం కొంచెంగా కలుపుకోండి, గట్టిపడే లోపే టైల్ ముఖం తుడిచేయాలి, ఎండితే గీకినా రాదు. సిమెంటు గ్రౌట్ అయితే రబ్బరు ముక్కతో ఏటవాలుగా నింపి, పావుగంటాగి తడి స్పాంజితో తుడవండి.

గట్టు మీద 3 మి.మీ. సందులో, మూలల్లో మాత్రం గ్రౌట్ వద్దు. అక్కడ సిలికాన్. సందుకి రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించి, సిలికాన్ నింపి, సబ్బు నీళ్లు అద్దిన వేలితో ఒక్కసారి లాగి, తడిగా ఉండగానే టేపు ఊడదీయండి. మిగిలిన టైల్స్ రెండు, పెట్టె మీద షేడ్ నంబరు ఉన్న అట్టముక్కతో కలిపి అటక మీద పెట్టుకోండి. సిలికాన్ గట్టిపడే ఇరవై నాలుగు గంటలూ గట్టు మీద నీళ్లు పోయకండి, పొయ్యి వెలిగించకండి.